మా బావ పగ

మొన్న ఆదివారం పొద్దున ఇక్కడ బహ్రెయిన్‌లో, హమద్ టౌన్‌లో నన్ను డ్రైవరుగా పెట్టుకున్న కఫీల్ పిల్లలను బడి దగ్గర దించి వస్తుంటే ఫోన్ మోగింది. బావ ఉండే అస్కర్ లేబర్ క్యాంపు ఫోర్‌మన్. "భాయ్, మీ బావ ఖలాస్" అన్నాడు. డ్యూటీ బస్సు ఎక్కబోతూ మెట్టు మీదే కూలబడ్డాడట. నీళ్లు తెచ్చేలోపే ప్రాణం పోయింది. బండి పక్కకు ఆపి ఏడ్చాను.

ఆయన మంచివాడని అందరూ అంటున్నారు. మంచివాడే. కానీ నాకు తెలిసిన బావ పగ మరవని మనిషి. ఆ పగను తలుచుకోవడానికే ఇది రాస్తున్నాను.

బావ అంటే మా అక్క భర్త. కరీంనగర్ వైపు మూడెకరాల పత్తి రైతు. ఒక ఏడు మండలంలోని విత్తనాల దుకాణం సేటు దగ్గర కొన్న గింజలు వేస్తే, చెట్లు నడుమెత్తు పెరిగాయి గానీ కాయ పట్టలేదు. అడగబోతే సేటు బిల్లు చూపమన్నాడు. బిల్లు లేదు. ఖాళీ ప్యాకెట్లు ఏనాడో పొయ్యిలోకి పోయాయి. "ఎవుసం రానోడివి ఎందుకు చేస్తున్నవ్? దుబాయి పో" అన్నాడు సేటు. అక్కడున్న పదిమందీ నవ్వారు. ఏడాది తిరక్కుండానే బావ నేనున్న బహ్రెయిన్‌లో దిగాడు. మా వైపు గల్ఫ్ అంతా దుబాయే.

శుక్రవారాలు మాకు సెలవు. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో తెలుగు చర్చి ప్రార్థనకు కలిసి వెళ్లేవాళ్లం. ప్రార్థన కాగానే నేను సినిమా సీడీలకు పోతే, బావ పక్క సందులోని ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చునేవాడు. పంటల గురించిన పేజీలు తెరిచి, తెలియని ఇంగ్లిష్ మాటలు మలయాళీ ఓనరును అడిగి రాసుకునేవాడు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మా ఊళ్లకు వచ్చిన రోజులవి. వాన ఎప్పుడు రావచ్చో, ఏ పురుగుకు ఏ మందో తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి అక్కకు పంపేవాడు. అక్క పాలకేంద్రం దగ్గర ఊరివాళ్లకు చదివి వినిపించేది. ప్రతి మెసేజీ చివరా ఒకటే మాట: "బిల్లు అడుగుండ్రి. ప్యాకెట్ పారెయ్యకుండ్రి."

ఒకసారి పాస్టరుగారు శత్రువును క్షమించమని చెప్పి బావ వైపు చూశారు. "నేను క్షమిస్త అయ్యగారూ. ముందు నా పత్తి చేను క్షమించాలె గదా" అన్నాడు బావ, నవ్వకుండా.

బావ వచ్చిన మూడో ఏడు సేటు మళ్లీ అలాంటి గింజలే అమ్మాడు. ఈసారి ప్రతి ఇంటి చూరులోనూ ఖాళీ ప్యాకెట్, బిల్లు భద్రంగా ఉన్నాయి. ప్యాకెట్ల మీది నంబర్లన్నీ అక్క మెసేజీల్లో పంపింది. బావ రెండు శుక్రవారాలు కూర్చొని వాటిని జాబితా చేసి, ఫిర్యాదు రాసి, జిల్లా వ్యవసాయాధికారికి మెయిల్ కొట్టాడు. ఊళ్లో రైతులు ప్యాకెట్లు పట్టుకొని ఆఫీసు ముందు కూర్చున్నారు. దుకాణానికి సీలు పడింది.

సేటు బావకు ఫోన్ చేసినప్పుడు నేను క్యాంపు గదిలోనే ఉన్నాను. బావ స్పీకర్ పెట్టాడు.

"తమ్మీ, పిల్లలు గలోన్ని. నువ్వొక్క మాట చెప్తే ఊరోళ్లు కేసు వాపస్ తీసుకుంటరు."

"సేటూ, నాకు ఎవుసం రాదంటివి. నేర్సుకున్న. నీకు దుకాణం నడుపుడు రాలే. నువ్వే దుబాయి రా. మా రూముల ఒక మంచం ఖాళీగున్నది."

గది గొల్లుమంది. బావ ఆ రోజు మటన్ వండి అందరికీ తానే వడ్డించాడు. అంత సంతోషంగా ఆయనను నా పెళ్లిలో కూడా చూడలేదు.

నాకు టైపింగ్ నేర్పింది ఆయనే. ఇప్పుడు మెసేజీలు నేను పంపుతున్నాను. సేటు తన బామ్మర్ది పేరు మీద మళ్లీ దుకాణం తెరుస్తాడని విన్నాను. తెరవనీ. చూస్తాను.

కఫీల్ సెలవివ్వక శవపేటికతో నేను వెళ్లలేకపోయాను. అక్కడ జరిగింది అక్క ఫోన్‌లో చెప్పింది. సేటు బంతిపూల దండ పట్టుకొని వచ్చాడట. అక్క పెట్టెకు అడ్డంగా నిలబడిందట.

"నీ గింజ మా చేన్ల పడితేనే గింత గోసైంది. నీ పువ్వు మా ఆయన మీద పడనిస్తనా?"

ఒక్కరూ సర్దిచెప్పలేదట. వింటుంటే నా ఏడుపు ఆగిపోయింది. పాపమని తెలుసు. అయినా ఎంతో హాయిగా అనిపించింది.

పెట్టె లేచింది. ఊరంతా దాని వెనకే కదిలింది. ఖాళీ అయిన మా అక్క వాకిట్లో, నడినెత్తి ఎండలో, దండ చేతిలో వేలాడుతుండగా సేటు ఒక్కడే నిలబడి ఉన్నాడట.