కుళ్లాయప్ప నోట 'బాగుండాది'

ధర్మవరంలో మా వీధివాళ్లు పోస్టరు చూసి సినిమాకు వెళ్లరు. కుళ్లాయప్ప ఏమన్నాడో కనుక్కుని వెళతారు. కొత్త సినిమా వచ్చిన రోజున పొద్దుటి ఆట చూసి, ఎండలో నడిచి వచ్చి, ఓబిలేష్ టీ అంగడి ముందున్న బండ మీద కూర్చుని తీర్పు చెప్పేవాడు. ఆ తీర్పు వినడానికి మగ్గం ఆపి వచ్చేవాళ్లు కూడా ఉండేవారు.

మెత్తగా చెప్పడం అతనికి చేతకాదు. ఒక పెద్ద హీరో సినిమా చూసొచ్చి, "ఆయప్ప ఒంటిచేత్తో లారీ ఆపినాడు. మన కంబదూరు బస్సు రెండు చేతులెత్తినా నిలబడదు. ఇంటికాడ పండుకోండి," అన్నాడు. కరువు మీద తీసిన సినిమా అంటే మాత్రం నిజంగా కోపం వచ్చింది. "బీడు భూమి అంటారు, ఆ పిల్ల కాళ్లకు దుమ్ము లేదు. దుమ్ము లేని కరువు యాడుంటాదో నాకు చూపించండప్పా!"

నేసేవాడి కన్ను కదా, అతని కొలత వేరు. తెర మీద చీర కనబడితే చూపు అంచు మీదికి పోతుంది. "కథ బాగుంటే నాకు చీర కనపడదక్కా. జరీ అసలుదా నకిలీదా అని చూస్తాండానంటే ఆ సినిమా పోయినట్టే," అని నాతో చెప్పాడు. ఒకసారి, తప్పిపోయిన మేక కోసం ఒక ముసలామె ఊళ్లు తిరిగే చిన్న సినిమా వచ్చింది. హాలు ఖాళీ. కుళ్లాయప్ప వచ్చి, "పోయి చూడండి," అన్నాడు, అంతే. వీధంతా కదిలింది. ఆ ముసలామె ఏం చీర కట్టిందని అడిగాను. "చీరా? నేను చూడల్యాక్కా," అన్నాడు.

ఇదంతా సుబ్బరత్నమ్మ ఉన్నప్పటి మాట. ఆమె అతని భార్య. పట్టుచీర మగ్గానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టి నేస్తారు, ఇంకొకరు పక్కన కూర్చుని అంచు పోగు మోసే నాడెను అటూ ఇటూ విసురుతారు. పెళ్లయినప్పటి నుంచి ఆ పక్క చోటు సుబ్బరత్నమ్మదే. సినిమా హాల్లోనూ పక్క సీటు ఆమెదే. అతను తెర వైపు చూసి తిట్టడం మొదలుపెట్టగానే మోచేత్తో పొడిచేది. "నోరు మూసుకోని చూడు. తిట్టేదేమన్నా ఉంటే ఇంటికి పోయి తిట్టుదువు."

ఒక తెల్లవారుజామున వాకిలి ఊడుస్తూ కూలబడింది. నీళ్లు తెచ్చేలోపల పోయింది.

కుళ్లాయప్ప ఏడవలేదు. శవాన్ని ఎత్తేటప్పుడూ, దినం నాడూ ఏడవలేదు. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది, దాని మీద ఒక పాత పంచె కప్పాడు. మళ్లీ గుంతలోకి దిగలేదు. పాత పడుగు పోగులకు కొత్త పోగులు అతికే పని నాది. ఇల్లిల్లూ తిరిగే పని, ఎవరింట్లో ఏం జరుగుతోందో అడగకుండా ఉండలేను. అందుకే రోజూ అతని ఇంట్లోకి తొంగి చూసేదాన్ని.

"తిన్యావాప్పా?"

"తిన్యాక్కా."

"ఏం తిన్యావు?"

పొయ్యి వైపు చూసేవాడు. గుర్తు ఉండేది కాదు.

కూతురు పద్మప్రియ కాపురం గుత్తిలో. ఆమె వచ్చి, "నాయనా, ఒక్కడివే ఈడేం చేస్తావు? మగ్గం కావాలని అడిగేటోళ్లు ఉండారు. ఇచ్చేద్దాం. నువ్వు మా ఇంటికొచ్చేయ్," అంది.

"సరే," అన్నాడు.

"గుంత పూడిపించి ఇల్లు బాడుగకిద్దాం."

"సరే."

ఉగాది అయ్యాక ఆటో మాట్లాడుకుని వస్తానని చెప్పి వెళ్లింది. మంచి పిల్ల, తండ్రి మీద ప్రేమతోనే అంది. నాకు మాత్రం ఆ 'సరే' నచ్చలేదు. మనవరాలికి పేరు పెట్టినప్పుడు గుత్తిలో ఒక్క పూట ఉండి, మర్నాడే పారిపోయి వచ్చిన మనిషి ఇతను. "ఆడ కుర్చీలో కూచోబెడతారక్కా. కాళ్లు యాడ పెట్టుకోవల్లో తెలీదు," అన్నాడు అప్పుడు. గుంతలో కాళ్లు పెట్టి బతికినవాడిని మేడ మీద కుర్చీలో కూర్చోబెడితే ఎన్నాళ్లు ఉంటాడు? వద్దని అతనే చెప్పాలి. నేను చెబితే పక్కింటి ముసలిదాని మాట కింద పోతుంది.

ఆ రోజుల్లోనే మళ్లీ సినిమాలకు పోవడం మొదలుపెట్టాడు. వీధి సంతోషించింది. టీ అంగడి దగ్గర పది మంది చుట్టూ చేరారు.

"ఎట్లుండాది కుళ్లాయప్పన్నా?"

"బాగుండాది."

అతని నోట ఆ మాట ఎవరూ విని ఎరగరు. ఇంకేముంది, ఓబిలేష్ అంగడి మూసి పెళ్లాం పిల్లలను తీసుకుని పోయాడు. ఎదురింటి ఆంజినమ్మ తన కోడలు చంద్రికను తీసుకుని, పొద్దున చుట్టడం మొదలుపెట్టిన నూలు అట్లాగే వదిలేసి పోయింది. ఇంటర్వెల్‌కే అందరూ తిరిగి వచ్చారు. ఓబిలేష్ నేరుగా అతని వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏమన్నా, నీకు మేమేం పాపం చేసినాము? దుడ్లిచ్చి తలనొప్పి తెచ్చుకుంటిమి! ఆ హీరో సగం సినిమా నీళ్లలోనే ఉన్నాడు, ఎందుకున్నాడో వానికే తెలీదు!"

"అట్లనా?" అన్నాడు కుళ్లాయప్ప.

"నువ్వు చూసినావా, నిద్రపోయినావా?"

"చూసినా ఓబిలేషూ. బాగుండె."

తర్వాతి సినిమా కూడా బాగుండాది. దాని తర్వాతదీ బాగుండాది. జనం అడగడం మానేశారు. నేనొక్కదాన్నే మానలేదు. "హీరోయిన్ ఏం చీర కట్టిందప్పా?" అని పరీక్ష పెట్టాను. తెలియదన్నాడు. కథేంటంటే అదీ తెలియదన్నాడు. చీరా కనబడలేదు, కథా కనబడలేదు. చల్లగా ఉంటుందని పోయి కూర్చుంటున్నాడంతే.

ఉగాది దగ్గర పడింది. మ్యాట్నీకి నన్నూ తీసుకుపొమ్మని వెంటపడ్డాను. "నీకు మోకాళ్లు నొప్పులు కదక్కా," అన్నాడు. "మోకాళ్లతో చూస్తానా సినిమా? నడువు," అన్నాను.

అది ఏడుపు సినిమా. ఊరంతా అంటుంటే విని, కావాలనే దానికి పట్టుకుపోయాను. లోపల ఉన్నది కదిలితే ఇతనూ ఏడుస్తాడు, ఏడిస్తే మనిషి అవుతాడు అని నా లెక్క. హీరో భార్య ఆసుపత్రి మంచం మీద చనిపోయింది. హీరో ఆమెను ఎత్తుకుని వానలోకి వచ్చాడు. పాట మొదలైంది. నా కొంగు తడిసిపోయింది, వెనక ఎవరో ఆడమనిషి ఎక్కెక్కి ఏడుస్తోంది. పక్కకు చూద్దును కదా, సీటు ఖాళీ.

పాట సగంలో లేచి నేనూ బయటికి పోయాను. సైకిల్ స్టాండు దగ్గర, మాడే ఎండలో నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా, నన్ను ఒక్కదాన్నే వదిలేసి వస్తివి?"

"అబద్ధం సినిమాక్కా."

ఎన్నాళ్లకు తిట్టాడు! వదలకూడదని రెచ్చగొట్టాను. "ఏంది అబద్ధం? నేను ఏడ్చి చస్తాండా లోపల!"

"పెండ్లాం పోతే ఎవడన్నా అట్ల పాడతాడా? ఆ పొద్దు వానికి ఏమీ కాలేదా? నీళ్లు దప్పిక కాలేదా?"

"సినిమా కదప్పా."

"నాకు ఆకలయింది."

అర్థం కాలేదు. అతను నా వైపు చూడకుండా చెప్పాడు. గొంతులో తడి లేదు, దారి చెబుతున్నట్టు చెప్పాడు.

"వాకిట్లో పండుకోబెట్టింటిరి కదా దాన్ని. మీరంతా ఏడుస్తాంటిరి. నాకు ఏడుపు రాలేదు, ఆకలయింది. వెనక వంటింట్లోకి పోయినా. రాత్రి అది చేసిపెట్టిన రాగిముద్ద ఉండె. తలుపు చాటున నిలబడి తిన్యా. మిరపకాయ గూడా కొరికినా. మూతి కడుక్కోని వచ్చి మళ్లా దాని పక్కన కూచున్యా."

మా వాళ్లలో శవం వాకిట్లో ఉండగా ఇంట్లో పొయ్యి వెలిగించరు, ఎవరూ మెతుకు ముట్టరు. పసిపిల్లలను కూడా పక్కింటికి పంపి తినిపిస్తాం. ఈ మాట ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకుని తిరిగాడన్నమాట. దీని ముందర సినిమాలన్నీ అతనికి ఒకటే అయిపోయాయి.

తప్పు లేదని చెప్పొచ్చు. చెబితే నమ్మడు. నాకు అడగడమే వచ్చు, అదే అడిగాను.

"ముద్దలోకి ఏముండె?"

"ఉలవచారు."

"పులిసిపోయిందా?"

"లేదు. బాగుండె."

"ఎంత తిన్యావు?"

"గిన్నె ఖాళీ చేసినాక్కా."

"సుబ్బరత్న అన్నం పారేస్తే ఊరుకునే మనిషా?" అన్నాను. ఇద్దరం నడిచి ఇంటికి వచ్చాం. దారిలో ఓబిలేష్ అంగడి ముందు ఆగి, ఎవరూ అడగకుండానే, "పోవద్దండప్పా, దండగ," అని చెప్పాడు. ఓబిలేష్ టీ వడపోస్తూ ఆగిపోయాడు.

ఉగాది అయిన తర్వాతి ఆదివారం పద్మప్రియ వచ్చింది. ఆటో వీధి మలుపులో నిలిపింది.

"నాయనా, బట్టలు సర్దుకున్యావా?"

"లేదు."

"ఏం?"

"నేను రాను."

"ఆ పొద్దు సరే అంటివి కదా!"

"ఆ పొద్దు నా తల అడిగింటే గూడా సరే అందును. ఇప్పుడు చెప్తాండా, విను. మీ ఇల్లు నాకు బాగలేదు. మెట్లెక్కల్ల. కుర్చీలో కూచోవల్ల. మీ అత్త చూసే సీరియళ్లు చూడల్ల. నేను రానమ్మా."

పద్మప్రియ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. ఆ పిల్లకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అన్నం తిని, సాయంత్రం వట్టి ఆటోలో వెళ్లిపోయింది.

కుళ్లాయప్ప మగ్గం మీది పంచె తీశాడు. దుమ్ము దులిపి గుంతలోకి దిగాడు. కళ్లు పొడిగానే ఉన్నాయి, ఇప్పటికీ అతను ఏడవడం నేను చూడలేదు.

"పక్కన ఎవరు కూచుంటారప్పా?" అని అడిగాను. "ఆంజినమ్మ కోడలు చంద్రిక ఊరికే ఉండాది, అడగల్లనా?"

"నాలుగు దినాలు పోనీ. ఈ పొద్దు ఊరికే కూచుంటా."

"ఎంతసేపు?"

"పోక్కా, నీ పని చూసుకోపో," అన్నాడు.