పడుకునే ఎద్దు

సోమన్నకు ఆ వడ్రంగి కొట్టులో అడుగు పెట్టాలని లేదు. కానీ సేద్యం బొమ్మలు కొనిపెడతానని ఐదేళ్ల మనవరాలు సుజనకు మాటిచ్చి నెలయింది. ఆలూరు చుట్టుపక్కల అలాంటివి చెక్కతో చేసేవాడు హజరత్ వలి ఒక్కడే. ఆ హజరత్ వలికే సోమన్న నిరుడు సంతలో తన బూడిదరంగు మైల ఎద్దును అమ్మాడు.

ఎద్దు చూడ్డానికి దివ్యంగా ఉంటుంది. జబ్బేమీ లేదు. కాకపోతే నాలుగు సాళ్లు తిరగ్గానే కాడి కిందే పడుకుంటుంది. జతలో రెండోది చచ్చిపోయాక దీన్ని ఎలాగైనా వదిలించుకోవాలన్న తొందరలో సోమన్న ఆ సంగతి కాస్తా మింగేశాడు. అంతటితో ఊరుకున్నాడా? పక్కనే నిలబడ్డ మనవరాలి చెవిలో, "మైలోడు పండుకుంటాడని ఎవురికీ చెప్పొద్దు పాపా" అని కూడా ఊదాడు. ఊళ్లో నలుగురికీ న్యాయం చెప్పే పెద్దమనిషి పసిపిల్లకు నేర్పిన విద్య అది!

వలి వచ్చి నిలదీసి ఉంటే ఏదో ఒకటి బుకాయించేవాడు. వలి రాలేదు. కొత్తగా సేద్యంలోకి దిగిన మనిషి, తప్పంతా తనదే అనుకున్నాడు. దారిలో ఎప్పుడు కనబడినా ఒకటే మాట. "నీ ఎద్దు మంచిదే సోమన్నా. నాకే తోలేది చేతకాదు. ఉలి పట్టే చేతికి నాగలి మేడి యాడ వస్తాది!" సోమన్న ఔననలేక, కాదనలేక, ఓ వెర్రినవ్వు నవ్వి తప్పుకునేవాడు. ఇంటికెళ్లాక అన్నం సహించేది కాదు.

ఆ రోజు సుజన చెయ్యి పట్టుకుని సోమన్న కొట్టులోకి రాగానే, "రా అప్పా, రా" అంటూ వలి బొమ్మలన్నీ తెచ్చి నేలమీద పరిచాడు. నాగలి, బండి, ట్రాక్టరు, గొర్రెలు, కోళ్లు, కాడితో సహా ఒక జత ఎద్దులు. అన్నీ వేపచెక్కవే. పిల్లల చేతికి గుచ్చుకోకుండా అంచులన్నీ నున్నగా రుద్ది ఉన్నాయి.

సోమన్న చప్పున ట్రాక్టరు అందుకున్నాడు. "ఇది తీసుకో పాపా. చక్రాలు తిరుగుతాండాయి, సూడు."

సుజన దాని వంక కన్నెత్తి కూడా చూడలేదు. ఎద్దుల మెడమీద కాడి పెట్టింది, నాగలి తగిలించింది, కిందపడిన చెక్కపొట్టులో సాళ్లు దున్నడం మొదలుపెట్టింది. ఒక సాలు. రెండు. సోమన్న కోళ్లను ఆమె ముందుకు జరిపాడు.

"కోళ్లు శానా బాగుండాయి. కోళ్లతో ఆడుకో."

పిల్ల వింటేనా! నాలుగో సాలు కాగానే ఆగి, ఒక ఎద్దును పక్కకు వాల్చేసింది.

"ఏమైంది పాపా?" అన్నాడు వలి నవ్వుతూ.

"మైలోడు పండుకున్నాడు మామా. రోజూ ఇట్లనే." అని తాత ముఖం చూసి నాలుక కరుచుకుంది. "చెప్పొద్దంటివి గదా తాతా, మరిచిపోతి."

సోమన్నకు తల కొట్టేసినట్టయింది. గంపకింద దాచిన కోడిలాగా ఏడాదిపాటు దాచిన సంగతి కొట్టు మధ్యలో తిరుగుతోంది. వలి అతని వైపు చూడలేదు. పిల్ల ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"పండుకుంటే మీ తాత ఏం చేస్తాడు?"

"గంగడోలు గోకుతాడు. బీడీ తాగేంతసేపు పక్కన కూర్చుంటాడు. అంతే, వాడే లేస్తాడు. కొడితే మాత్రం లెయ్యడు." సుజన చెక్క ఎద్దు మెడ కింద వేలితో గోకి, లేపి నిలబెట్టింది.

వలి లేచి సోమన్న వైపు తిరిగాడు. "ఈ మాట చెప్పింటే చాలు గదప్పా," అన్నాడు. "అట్లయినా కొనేవాణ్ణే. ఏడాది పొద్దూ దాన్ని ముల్లుకర్రతో పొడిచినా."

కోపంగా అన్నా బాగుండేది. "తప్పయిపోయింది వలీ" అన్నాడు సోమన్న. ఆ మాట ఎంత చిన్నదో అతనికే వినబడింది. "యాడుండాది?"

"ఎనకాల పాకలో."

ఎద్దు కట్టుగొయ్య దగ్గర నిలబడి ఉంది. వెనక తొడల మీద మానిన గాట్లు, మానని గాట్లు. సోమన్న లెక్కపెట్టబోయి మానుకున్నాడు. అది తల తిప్పి చూసింది. కొమ్ము విసిరి ఉంటే అతనికి కాస్త తేలికయ్యేది. విసరలేదు. పలుపు అందినంత మేరా ముందుకొచ్చి, మెడ పైకి చాచి, గోకమని గంగడోలు అతని ముందు పెట్టింది.

సోమన్నకు చెయ్యి రాలేదు.