కంచె పక్కన మంచె

మా ఆయన ఆర్డెల్‌కు రెండే వ్యాపకాలు. పాల ట్యాంకరు నడపడం, పక్క పొలం లెస్టర్ కుబియాక్‌ను చూసి ఏడవడం. మొదటిదానికి జీతం వస్తుంది. రెండోది ఉత్తిపుణ్యానికే చేస్తాడు.

విస్కాన్సిన్‌లో మా కొండల మధ్య లెస్టర్ పొలమూ మాదీ ఒకే కంచెకు అటూ ఇటూ ఉంటాయి. అటు పారే వాగే ఇటూ పారుతుంది, అటు కురిసే మంచే ఇటూ కురుస్తుంది. కానీ నవంబరులో వేట మొదలయ్యేసరికి పెద్ద కొమ్ముల దుప్పులన్నీ అటే పోతాయి. లెస్టర్ ఇంటి ముందుగదిలో గోడ నిండా కొమ్ములే. క్రిస్మస్‌కు వాళ్లింటికి వెళ్తే మా ఆయన కాఫీ తాగినంతసేపూ తల ఎత్తేవాడు కాదు.

"మన సోయా మేసి బలిసి, వాడి పొలంలోకెళ్లి చస్తాయే ఇవి," అని తిరుగుదారిలో గొణిగేవాడు.

"నువ్వెళ్లి చెప్పకపోయావా, ఇటొచ్చి చావమని," అనేదాన్ని. ఆయనకు నవ్వొచ్చేది కాదు.

ఒక ఏడాది ఆ కడుపుమంట ఆగలేదు. ఇనప నిచ్చెన ఉన్న వేటమంచె ఒకటి కొనుక్కొచ్చి, కంచెను ఆనుకుని ఉన్న ఓక్ చెట్టుకు కట్టాడు. కూర్చునే పలకను లెస్టర్ అడవివైపు తిప్పాడు. మావాళ్లెవరూ అలా చేయరు. చట్టం అడ్డు చెప్పదు కానీ, మనిషన్నవాడికి మొహమాటం ఉంటుంది. మన మంచె మన పొలం నడుమ ఉండాలి, మన చూపు మన పొలం మీద ఉండాలి.

"సిగ్గుగా లేదూ?" అన్నాను.

"చెట్టు నాది, మంచె నాది. కళ్లక్కూడా కంచె వెయ్యమంటావా?" అన్నాడు.

ఇంకో మర్యాద కూడా ఉంది. దెబ్బతిన్న జింక కంచె దాటితే తుపాకీ ఖాళీ చేసి కంచె దగ్గరే వదిలేయాలి. అవతలివాళ్ల గుమ్మం ముందుకెళ్లి అడగాలి. అలా అడిగినవాళ్లను కాదన్నవాణ్ని నేను మా ఇంట్లోనే చూశాను. ఆ ఏడే లెస్టర్ వచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, "ఆర్డెల్, నేను కొట్టింది మీ వాగు పక్కన పడినట్టుంది. వెళ్లి తెచ్చుకోనా?" అన్నాడు.

మా ఆయన తలుపుకు అడ్డంగా నిలబడి, "నా పొలంలోకి ఎవరూ అడుగు పెట్టడానికి వీల్లేదు," అన్నాడు.

వంటింట్లో నాకు తల కొట్టేసినట్టయింది. లెస్టర్ టోపీ పెట్టుకుని, "సరే, నీ పొలం నీ ఇష్టం," అని వెళ్లిపోయాడు. ఆ జింక నక్కల పాలైంది. చంపినదాన్ని తినకుండా కుళ్లబెట్టడం కన్నా పాపం మా వైపు లేదు. నేను ఆయనతో మాట్లాడటం మానేశాను. ఆయనకేం, "వాడి గోడ మీద ఒకటి తగ్గింది," అని ఈల వేసుకుంటూ ట్యాంకరు తీశాడు.

పోయిన నవంబరులో, వేట మొదలైన మొదటి ఉదయం, నేను పొయ్యి దగ్గర ఉండగా తుపాకీ పేలింది. కొంతసేపటికి ఆయన లోపలికొచ్చాడు. నారింజరంగు కోటు నిండా మంచు, చేతిలో తుపాకీ లేదు.

"పది కొనల కొమ్ములే దానికి. అంతటిదాన్ని నా జన్మలో చూళ్లేదు. మన పొలంలోనే కొట్టాను, ఒట్టు. అటు దూకేసింది."

"మరి నిలబడ్డావేం? వెళ్లి అడుగు."

"వాణ్నా?"

"కాదు, నన్నడుగు. ఇస్తాను."

కుర్చీలో కూలబడ్డాడు. "చప్పుడు కాకుండా వెళ్లి లాక్కొచ్చేస్తే?"

"అలా తెచ్చిందాన్ని నేను కొయ్యను, వండను. దాన్ని నా గడప తొక్కనివ్వను."

"వాడు పొమ్మంటే?"

"పోవాలి. నువ్వు పొమ్మనలేదూ?"

నా గొంతు లేచింది, లేస్తే లేచింది. ఆ కొమ్ములు నక్కల పాలవుతాయన్న దిగులు ఒకపక్క, ఆ గుమ్మం ఎక్కాలన్న నామోషీ ఇంకోపక్క ఆయన్ను పీక్కుతిన్నాయి. చివరికి లేచాడు. దారిలో జారుకుంటాడేమోనని నేనూ వెంట నడిచాను.

లెస్టరే తలుపు తీశాడు. మా ఆయన మాటలు నమిలాడు. "లెస్టర్... నేను కొట్టింది... మీ వైపు..."

"ఎటు దూకింది, పెద్ద బండ దగ్గరా?" అన్నాడు లెస్టర్. "ఉండు, బూట్లేసుకుంటా. నువ్వొక్కడివీ లాగలేవు."

అంతే. పాత మాట ఎత్తనే లేదు. ఒక్క మాటైనా అని ఉంటే నాకు కాస్త ఊరటగా ఉండేది.

మంచు మీద నెత్తుటి చుక్కలు పట్టుకుని వెళ్లాం. దుప్పి లెస్టర్ మంచె కిందే పడి ఉంది. ఆ మంచె మా కంచెకు వీపు పెట్టి ఉంది. మా ఆయన అక్కడి నుంచి వెనక్కి తిరిగి చూశాడు. ఆకులు రాలిన చెట్ల మధ్య మా ఇనప నిచ్చెన, ఇటే చూస్తున్న పలక, కొట్టొచ్చినట్టు కనబడుతున్నాయి.

"అది నీకు మొదటినుంచీ కనబడుతోందా?" అన్నాడు నెమ్మదిగా.

"కనబడకేం. అందుకే నాది అటు తిప్పుకున్నా. తెల్లారుతూనే ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చోవడమెందుకని."

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అది చలికి కాదని నాకు తెలుసు. లెస్టర్ మోకాళ్ల మీద కూర్చుని ఆ కొమ్ములను అరచేత్తో నిమిరాడు. "అబ్బ, ఇలాంటిది నా గోడ మీద ఒక్కటీ లేదోయ్," అన్నాడు.

మా ఆయన పెళ్లినాటి నుంచీ ఎదురుచూసిన మాట అది. వంగి లెస్టర్ మొహంలోకి చూశాడు. కుళ్లు ఎక్కడైనా కనబడుతుందేమోనని వెతికాడు. ఆ ముసలాయన పిల్లాడిలా నవ్వుతున్నాడు.

ఇంటికొచ్చి మాంసం కోస్తూ కూర్చున్నాం. సగం లెస్టర్‌కు కట్టి పెట్టాను, మా ఆయన వద్దనలేదు. కొమ్ముల వైపు మాత్రం చూడటం లేదు.

"నిజంగానే వాడికి ఏమీ అనిపించలేదంటావా?" అన్నాడు.

"లేదు."

కత్తి పక్కన పెట్టాడు. "నావాటికంటే పెద్ద కొమ్ములు వాడి గోడ మీదుంటే ఇన్నేళ్లూ నిద్రపట్టలేదే నాకు. నావి చూసి వాడు నవ్వాడు. ఆ నవ్వు నాకెందుకు రాదే?"

కోసిన ముక్కలు కాగితంలో చుడుతూ కూర్చున్నాను.