తుపాకీ గొట్టంలో క్రిస్మస్ రంగు

మా ఇంట్లో నాకొక సవతి ఉంది. బీరువా పక్కన గోడకి బిగించిన చెక్కపెట్టెలో, తాళం వేసి ఉంటుంది. మా ఆయన మిలటరీ నుంచి వచ్చేశాక లైసెన్సు తీసుకుని కొన్న రైఫిల్ అది. అమలాపురంలో బ్యాంకు దగ్గర గన్‌మ్యాన్ ఉద్యోగం దాన్ని బట్టే వచ్చింది. సొంత తుపాకీ ఉన్నవాళ్ళనే ఏజెన్సీవాళ్ళు తీసుకుంటారు. కాబట్టి అది మాకు అన్నం పెడుతోంది, ఒప్పుకుంటాను. నేనూ బళ్ళో పాఠాలు చెప్పి అన్నమే పెడుతున్నాను. నా భుజానికి మాత్రం ఎవరూ నూనె రాయలేదు.

ఆదివారం గుడి నుంచి రాగానే ఆయన వరండాలో చాప వేస్తారు. తూటాలు లేవని రెండుసార్లు చూసుకుని, వెనకవైపు బోల్టు ఊడదీసి పక్కన పెడతారు. బోల్టు తీసేస్తే అది ఉత్త గొట్టమే. దాంట్లోకి సన్నని కడ్డీతో గుడ్డపీలికలు తోసి తుడుస్తారు, నూనె పట్టిస్తారు, వెలుగుకేసి పెట్టి ఒక కన్ను మూసి లోపలికి చూస్తారు. ఆ చూపు ఉంది చూశారూ, పెళ్ళిచూపుల్లో కూడా ఆయన నన్నలా చూడలేదు. ఆ రోజు మా నాన్నగారి గొడుగుకేసి చూస్తూ కూర్చున్నారు.

ఒకసారి నాకు జ్వరం వచ్చి వణికిపోతుంటే, బయట ముసురు పట్టింది. ఆయన మాత్రలు, మంచినీళ్ళు నా తలగడ దగ్గర పెట్టారు. తరవాత బీరువాలోంచి కొత్త దుప్పటి తీశారు. నాకు కప్పడానికే అనుకున్నాను. ఉప్పుగాలికి, ఈ తేమకి తుప్పు పట్టేస్తుందని దాన్ని తీసుకెళ్ళి తుపాకీకి చుట్టారు. ఇంట్లో విగ్రహాలు పెట్టుకోకూడదని పాస్టర్ గారు చెప్పినప్పుడల్లా నేను ఓరగా ఆయనకేసి చూస్తాను. ఆయన ఆమేన్ అంటారు.

క్రిస్మస్ వస్తోందంటే మా పేటలో కదలని వస్తువుకల్లా రంగు పడుతుంది. గేటు, కిటికీ ఊచలు, బియ్యం డబ్బా, కూర్చునే స్టూలు, అన్నిటికీ. మొన్నటి క్రిస్మస్‌కి మా మరిది మస్కట్ నుంచి సెలవు మీద వచ్చాడు. అక్కడ పైపులకీ గ్రిల్స్‌కీ రంగు స్ప్రే కొట్టడం అతని పని. వస్తూ వస్తూ ఒక మిషను కూడా తెచ్చాడు. గేటు అద్దంలా అయ్యింది. స్టూలు ఎక్కడ కూర్చుంటే పాడవుతుందో అన్నట్టు తయారైంది. అప్పుడు మా ఆయన తుపాకీ తెచ్చారు. ఇనుము మీద అక్కడక్కడా తుప్పు చుక్కలు వచ్చాయిట, నల్లరంగు కొడితే బాగుంటుందిట. నేను పాటల ప్రాక్టీసుకి గుడికి వెళ్ళి వచ్చేసరికి అది బట్టల తీగకి వేళ్ళాడుతూ, కొత్త పెళ్ళికూతురిలా నిగనిగలాడుతోంది. నా కళ్ళలో ఎవరో నిప్పులు పోసినట్టయ్యింది. ఆ యేడు నాకు కొత్త చీర కొనడానికి రాజోలు వెళ్దామని అనుకుంటూ అనుకుంటూనే ఉన్నాం.

మర్నాడు గుడ్డపీలిక గొట్టంలోకి పోలేదు. రంగు కొట్టేటప్పుడు మా మరిది గొట్టం వెనకవైపు మూశాడు గాని, ముందున్న మూతికి ఏమీ బిగించలేదు. రంగు లోపలికి జారి, గోడలకి పట్టి, రాయిలా ఎండిపోయింది. లోపల మెలికలు తిరుగుతూ పోయే సన్నని చాళ్ళు ఉంటాయి, గుండు వాటి వెంటే తిరుగుతూ పోతుంది. అవి పూడుకుపోయాయి. అలాగే పేలిస్తే గొట్టమే చీలిపోవచ్చని మా ఆయన మెల్లగా చెప్పారు. క్రిస్మస్ వెళ్ళగానే ఏజెన్సీ ఆఫీసరు వచ్చి అందరి తుపాకులూ లోపల చూసి గాని డ్యూటీ రాయడు. మా మరిది ముఖం మాడ్చుకుని, మూతికి పెట్టాల్సిన బిరడా చేత్తో పట్టుకుని తిరిగాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

గరుకు కాగితం చుట్టి గీకేద్దామన్నాడు మా మరిది. మా ఆయన దాన్ని గుండెలకి హత్తుకున్నంత పనిచేశారు. గీకితే చాళ్ళు పాడవుతాయిట. మూతివైపు నుంచి కడ్డీ పెడితే అంచు అరిగిపోతుందిట, వెనకనుంచే పెట్టాలిట. రంగు కరిగించే థిన్నరు తుపాకీ చెక్కపిడి మీద పడకుండా చుట్టూ గుడ్డ కట్టి, తడి పీలిక లోపలికి తోసి, కాసేపు నాననిచ్చి, ఇత్తడి బ్రష్షుతో తోమి, మళ్ళీ పొడి పీలిక. పీలిక నల్లగా వస్తే మళ్ళీ మొదలు. పురిటి బిడ్డకి కూడా అంత ఓపిగ్గా నీళ్ళు పొయ్యరు. నేను వంటింట్లో అచ్చు పిండిలో ముంచి పండక్కి గులాబీపువ్వులు వేయిస్తుంటే ఇల్లంతా థిన్నరు కంపు. ఆ యేడు మా ఇంటి పిండివంటలు తిన్నవాళ్ళు మొహమాటానికి తిన్నారు.

పీలికలు అయిపోయాయి. ఆయన వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, గులాబీపువ్వులు బాగా వచ్చాయన్నారు. నూనె బాగుందన్నారు. చల్లకొచ్చి ముంత దాచడమెందుకని, ఏం కావాలో చెప్పమన్నాను. బాగా నలిగిన నూలుగుడ్డ కావాలిట. కడుపుమంట కొద్దీ టెరికాటన్ తలగడ గలేబు ఇచ్చాను. అది తడి పీల్చదని వెనక్కి తెచ్చారు. అప్పుడు పెట్టె అడుగునుంచి లేతాకుపచ్చ చీర తీసి ఇచ్చాను. మిలటరీ నుంచి మొదటి సెలవుకి వచ్చినప్పుడు ఆయనే తెచ్చిన చీర. గుర్తు పడతారేమోనని మొహం చూశాను. "ఇది చాలా మంచి గుడ్డ," అని చింపడం మొదలెట్టారు. పీలిక చిరిగిన ప్రతి చప్పుడూ నాకు వినపడింది. ఆ రోజు నాకు ఆ తుపాకీని కాలవలో పారేయాలనిపించింది.

సాయంత్రం మరిది బజారుకి వెళ్ళాక, ఆయన వరండాలోంచి పిలిచారు.

"ఇదిగో, ఒకసారి ఇలా రా. లోపల ఏం కనపడతందో చెప్పు."

"మీకు కనపడట్లేదేటండీ?"

ఆయన కాసేపు కడ్డీ తుడుచుకున్నారు. "కుడికన్ను పొగ కమ్మినట్టు ఉంటందే. శుక్లం అనుకుంటాను. ఎడం కన్నూ అంతంతమాత్రమే. తమ్ముడికి చెప్పకు."

నేను కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఆ చాప మీద కూర్చోవడం అదే మొదలు. గొట్టానికి కన్ను ఆనించాను. ఆ చివర సాయంత్రపు వెలుగు గుండ్రంగా, చుట్టూ చాళ్ళు సుడి తిరుగుతూ, మధ్యలో నల్లటి మచ్చలు. మూతి దగ్గర ఎడంవైపు మినపగింజంత ఉందన్నాను. ఆయన అక్కడికే బ్రష్షు పంపి తోమారు. ఇంకొంచెం కిందికి అన్నాను. కిందికి తోమారు. నా మాట ప్రకారం ఆయన చెయ్యి కదలడం నాకు బాగుంది. క్రిస్మస్ అయ్యేదాకా రోజూ అలాగే కూర్చున్నాం. ఒకరోజు మా మరిది, "ఇటివ్వండి వదినా, నేను చూస్తాను," అన్నాడు. నువ్వు చేసింది చాల్లే నాయనా అని గొట్టం వాడి చేతికి అందకుండా ఇటు లాక్కున్నాను.

ఆఫీసరు వచ్చి చూసి, తుపాకీ కొత్తదా అని అడిగాడట. ఆ మాట ఇంటికొచ్చి చెబుతూ మా ఆయన నవ్వారు. ఇక కంటి సంగతి నేను ఊరుకోలేదు. కళ్ళు కనపడకుండా బ్యాంకు కాయడం మనకీ మంచిది కాదు, జనానికీ మంచిది కాదు అన్నాను. ఆయ్ అన్నారు. సెలవు పెట్టించి, కాకినాడ తీసుకెళ్ళి ఒక కన్నూ, తరవాత రెండోదీ ఆపరేషన్ చేయించాను. చుక్కలమందు వేళ తప్పకుండా నేనే వేశాను. చూపు బాగుపడాలని మోకాళ్ళ మీద ప్రార్థన చేశాను.

బాగుపడింది. మళ్ళీ డ్యూటీలో చేరాక మొదటి ఆదివారం, గుడి నుంచి రాగానే ఆయన చాప వేశారు. బోల్టు తీశారు. నేను చింతకాయ చేపలపులుసు పొయ్యి మీద పెట్టి, మంట తగ్గించి, చేతులు తుడుచుకుని పిలుపు కోసం నిలబడ్డాను. పిలవలేదు. తొంగి చూస్తే, ఒక కన్ను మూసి, గొట్టం వెలుగుకేసి పెట్టి, ఆ పాత చూపే చూస్తున్నారు. పక్కన నా లేతాకుపచ్చ చీర పీలికల కుప్ప. నాకు ఏడుపు కాదు, మంట వచ్చింది. ఆ శుక్లం ఇంకో నాలుగేళ్ళు ఉంటే ఏం పోయిందనిపించింది.

వెళ్ళి ఎదురుగా నిలబడి, "లోపల ఇంకా మరక ఉందండీ," అన్నాను.

ఆయన మళ్ళీ చూశారు. "లేదే, అద్దంలా ఉంది."

"ఉందండి. మూతి దగ్గర, ఎడంవైపు."

ఆయన గొట్టం దించి, నా మొహంకేసి చూశారు. కొత్త కళ్ళు కదా, చాలాసేపే చూశారు. తరవాత చాప మీద పక్కకి జరిగి, "అయితే నువ్వే చూడు," అన్నారు.

కూర్చుని, కన్ను ఆనించి చూశాను. చాళ్ళు ఒక్క చుక్క లేకుండా తళతళలాడుతున్నాయి.

"ఇదిగో ఉంది," అన్నాను. "ఇంకా చాలా తోమాలి."