గాలివాన కోసం ఆగిన ఆవకాయ

బేరమాడకుండా నేను కొన్నది, నాకు తెలిసి, బస్సు టికెట్ ఒక్కటే. నారాయణగూడలో మా నాన్నకు స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. పక్కన చెప్పుల దుకాణం, ఎదురుగా బట్టల దుకాణం, వాటి యజమానులంతా వరసకు మా బాబాయిలే. అడిగిన ధరకే కొనుక్కుపోయే గిరాకీని చూసి వాళ్లు సంతోషించాల్సింది పోయి జాలిపడేవాళ్లు. ఆ గాలి పీల్చి పెరిగినదాన్ని.

పెళ్లయి అశోక్‌నగర్ వచ్చాక నా ప్రతాపమంతా కూరగాయల మీద చూపించాను. ఆవకాయ కాయలు మాత్రం మా అత్తయ్య నాకు వదల్లేదు. ఆవిడది గోదావరి వైపు ఊరు. ఏటా చిక్కడపల్లి మార్కెట్‌కు స్వయంగా వెళ్లి, ఒక్కో కాయనూ సంబంధం చూసినట్టు తిప్పి తిప్పి చూసి తెచ్చేవారు. 2013 ఎండాకాలంలో ఆవిడ మోకాళ్లు మొరాయించాయి.

"ఈసారి కాయలు నువ్వే తేవాలమ్మా. పచ్చడి బాగుంటే నా చేతి మహిమ అంటారు, పాడైతే ఏడాదంతా నీ పేరు చెప్పుకునే తింటాం," అన్నారు.

మర్నాడే మార్కెట్‌కు వెళ్లాను. అక్కడ ఒకామె గుట్టగా కాయలు పోసుకుని అమ్ముతుంటే, పక్కనే ఆమె భర్త పెద్ద కత్తిపీట ముందు కూర్చుని కొన్నవాళ్లకు ముక్కలు కొట్టి ఇస్తున్నాడు. కాయ పదిహేను రూపాయలంది. పది అన్నాను. పద్నాలుగు అంది. నేను వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాను. ఆమె పిలవలేదు. అంతవరకు ఎవరూ నన్ను నాలుగో అడుగు దాటనివ్వలేదు.

అప్పుడు గుర్తొచ్చింది గాలివాన. చిన్నప్పుడు పెద్ద గాలి కొట్టిన మర్నాడు మా దుకాణం ముందుకు మామిడికాయల బండ్లు వరసగా వచ్చేవి. పొద్దున చెప్పిన ధర మధ్యాహ్నానికి సగమయ్యేది. ఆ కాయలు ఇంట్లో ఏమయ్యేవో నేను పట్టించుకోలేదు, ధర మాత్రం మరిచిపోలేదు. మా నిల్వ పచ్చడి అమ్మమ్మ ఊరి నుంచి జాడీలో తయారుగా వచ్చేది. కాబట్టి ఆవకాయ గురించి నాకున్న జ్ఞానం అన్నం దగ్గరే మొదలై అన్నం దగ్గరే ముగిసేది.

ఇక వాన కోసం ఎదురుచూపు. టీవీలో రోజూ "ఉరుములు, మెరుపులు, ఈదురుగాలులతో అక్కడక్కడా వర్షాలు" అని అక్షరాలు పరుగెత్తేవి. ఆ అక్కడక్కడాలో మనం ఉన్నామో లేదో చెప్పేవాళ్లు కాదు. మా మేడ మీది గదిలో జగిత్యాల వైపు అమ్మాయి ఒకతె కిరాయికి ఉంటూ గ్రూప్స్‌కు చదువుకునేది. భూగోళం ఆమెకు కంఠతా వచ్చు. ఆమెనే అడిగాను.

"ద్రోణి ఉందక్కా. పగలు గింత ఉడుకపోస్తుందంటే సాయంత్రాలు మబ్బులు లేస్తయి. గురువారం నుంచి శనివారం మధ్యల కొడ్తది," అంది.

"అంత దూరం ఎందుకు? బుధవారానికి కుదరదా?"

"వానతోని గూడ బేరమా అక్కా?"

"పోనీ గురువారం ఖాయం చెయ్. వడగళ్లు కూడా ఉంటాయి కదా?"

"గ్యారంటీ కార్డు ఇయ్యనీకి గిది మిక్సీయా?" అని నవ్వి మళ్లీ పుస్తకంలో తల పెట్టింది.

ఈలోగా నేను రోజూ మార్కెట్‌కు వెళ్లి ధర అడిగి వస్తున్నాను. "ఏందక్కా, చూసి చూసి పోతున్నవ్. కాయలకు దిష్టి తగుల్తది," అంది మామిడికాయలామె. ఇంట్లో అత్తయ్య ఆవపిండి, కారం, ఉప్పు సిద్ధం చేసుకుని, కడిగి ఎండబెట్టిన జాడీని నాకు కనిపించేలా వాకిట్లో పెట్టారు.

శుక్రవారం సాయంత్రం కొట్టింది. ముందు దుమ్ము లేచింది, తర్వాత కరెంటు పోయింది, ఆ తర్వాత వడగళ్లు. వీధంతా ఆరేసిన బట్టల కోసం పరుగెత్తుతుంటే నేను బాల్కనీలో నిలబడి ఒక్కో ఉరుముకు కాయ ధర ఒక్కో రూపాయి తగ్గిస్తున్నాను. చల్లగాలికి ఒళ్లు జలదరించినా లోపలికి పోబుద్ధి కాలేదు.

తెల్లారి మార్కెట్ బయట నేననుకున్నట్టే బండ్లు. కాయ లెక్క కాదు, కిలో లెక్క. దానిలోనూ తగ్గించి రెండు సంచులు నింపాను. కొట్టించడానికి మాత్రం ఆ కత్తిపీట దగ్గరికే పోవాలి. మామిడికాయలామె నా సంచుల్ని చూసింది. ఆమె భర్త ఒక కాయ పెట్టి కత్తి దించాడు. చప్పుడు కాలేదు. ఇంకొకటి పెట్టాడు. అదీ అంతే.

"అక్కా, టక్కుమనాలె. ఇది కీరలెక్క తెగుతుంది. టెంకే ముదరలే," అన్నాడు. "గాలికి రాలిన లేత కాయ. దెబ్బ గూడ తిన్నది. దీనితోని ఆవకాయ పెడితే నెలకే మెత్తగయి బూజు పడ్తది. తొక్కు నూరుకో, పప్పుల ఏసుకో."

"మంచి కాయ ఎంత?" అని ఆమెను అడిగాను.

"ఇరవై రెండు. తోటలల్ల సగం రాలిపోయినయి, ఇగ కాయేడ ఉన్నది?"

నేను నోరు తెరిచాను. దూరంగా మళ్లీ ఉరిమింది. తడవకముందే కాయ ఇల్లు చేరాలి. నోరు మూసుకుని నలభై కాయలు ఏరుకున్నాను. ఒక్కోటీ టక్కుమంటుంటే ఆ చప్పుడు నాకే తగిలింది.

ఆ రెండు సంచుల్నీ చప్పుడు చేయకుండా మేడ మీదికి చేర్చాను. అమ్మాయి చూసి, "మా దిక్కు గివి తొక్కుకే వాడ్తరక్కా. నువ్వు వాన ఎప్పుడని అడిగినవ్, ఎందుకో చెప్పలే," అంది.

కింద అత్తయ్య ముక్కల్ని ఒక్కొక్కటిగా పొడిగుడ్డతో తుడుస్తూ టెంక చూశారు. "బాగున్నాయి. ఎంతకిచ్చింది?"

మా దుకాణాల ఇళ్లలో ఒక ఆచారం ఉంది. కొన్న ధరలో రెండు రూపాయలు తగ్గించి ఇంట్లో చెబుతాం. ఆ రోజు మాత్రం తగ్గించినా పరువు దక్కేలా లేదని ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"ఇరవై రెండా? నువ్వా? ఊరుకో తల్లీ. పది లోపే తెచ్చుంటావు," అన్నారు.

"ఒట్టు అత్తయ్యా, ఇరవై రెండే."

"సరే, పదకొండు అనుకుందాం."

"అయ్యో, కనీసం ఇరవై అయినా నమ్మండి."

బయట వాన మొదలైంది. ఆవిడ పెంచరు, నేను తగ్గను. ఆవపిండి కలిపేసరికి పద్నాలుగు దగ్గర ఇద్దరికీ కుదిరింది.

"వచ్చే ఏడు కూడా కాయలు నువ్వే తే," అన్నారు ఆవిడ జాడీ మూతికి గుడ్డతో వాసెన కడుతూ.