అది ద్రాక్షారామం కాదు

మా అన్నయ్య సంవత్సరీకం నాడు బంధువులందరికీ ఒక ఫోటో పంచాం. గుడి మండపంలో రాతి స్తంభానికి వీపు ఆనించి, భుజం మీది కండువా జారిపోతున్నా పట్టించుకోకుండా అన్నయ్య నవ్వుతూ ఉంటాడు. దాని కింద చిన్న అక్షరాలతో ‘ద్రాక్షారామం’ అని నేనే అచ్చు వేయించాను. ఆ మాట తప్పు. ఆ ఫోటో సామర్లకోట గుళ్ళో తీసింది. తీసింది నా భార్య. ఆ ఫోటో ఉన్న ప్రతి ఇంటికీ ఈ రెండు సంగతులూ తెలియాలని ఇది రాస్తున్నాను.

మా ఇంట్లో ఎవరు ఎక్కడికి వెళ్ళొచ్చినా ఫోటోల బాధ్యత నాదే. రీళ్ళు కడిగించే రోజుల్లో ప్రతి ప్రింటు వెనకా బాల్‌పెన్నుతో ఊరి పేరు రాసేవాణ్ణి. ఫోన్లు వచ్చాక కంప్యూటర్లో ఊరికో ఫోల్డరు పెట్టాను. అన్నయ్య నన్ను ఆట పట్టించేవాడు. “ఒరే ఫోటోల తాసిల్దారూ, ఇది పట్టిసీమా, భద్రాచలమా? త్వరగా సర్టిఫికెట్టు ఇచ్చెయ్యి” అనేవాడు. నేను ఇచ్చేసేవాణ్ణి. తడుముకోవడం నాకు నామోషీ. నా ఫోన్లో లొకేషన్ ఎప్పుడూ ఆపేసి ఉంచేవాణ్ణి. ఛార్జింగ్ అయిపోతుందని పైకి చెప్పేవాణ్ణి గానీ, నా బుర్ర ఉండగా ఇవన్నీ ఎందుకన్నదే అసలు సంగతి.

కార్తీకమాసంలో మా వైపు చాలామంది బస్సు కట్టించుకుని పంచారామాలు అయిదూ ఒక్క రోజులో చూసొస్తారు. ఒక ఏడాది మేమూ వెళ్ళాం. అన్నయ్య, వదిన పిఠాపురం నుంచి వచ్చి మా కాకినాడలో బస్సెక్కారు. నేనూ నా భార్యా వాళ్ళ వెనక సీట్లో. తెల్లారేసరికి అమరావతి, తర్వాత భీమవరం, పాలకొల్లు, సాయంత్రానికి ద్రాక్షారామం, చివరికి సామర్లకోట. దిగడం, పరుగెత్తడం, క్యూలో నిలబడడం, మళ్ళీ బస్సెక్కడం. ఇంటికొచ్చి కళ్ళు మూసుకుంటే అయిదు గుళ్ళూ ఒక్క గుడిలా కలిసిపోతాయి. అందులోనూ చివరి రెండూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. రెండంతస్తుల గర్భగుడి, చుట్టూ ప్రాకారం, బారుగా స్తంభాల మండపాలు. రెండు చోట్లా స్వామి భీమేశ్వరుడే.

వదిన ప్రతి గుళ్ళోనూ దీపాలు పెట్టడానికి ముందే వెళ్ళిపోయేది. నేను ప్రసాదం క్యూలో ఉండేవాణ్ణి. ఆ ఫోటో తీసినప్పుడు అన్నయ్య దగ్గరున్నది నా భార్య ఒక్కతే. అన్నయ్య ఫోనే అడిగి తీసుకుని తీసింది. తిరుగు ప్రయాణంలో అందరూ తమ తమ ఫోటోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. గ్రూపులోంచి దించుకున్న ఫోటోకి తీసిన వేళా మిగలదు, చోటూ మిగలదు. నేను వాటిని కంటితో చూసి ఫోల్డర్లలో సర్దేశాను.

మరుసటి వేసవిలో అన్నయ్య పోయాడు. గుండెపోటు. ఆస్పత్రికి తీసుకెళ్ళే వ్యవధి కూడా ఇవ్వలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు, చుట్టాలు ఇంకా ఇంట్లో ఉండగా, వదిన నా ఫోన్లో ఆ ఫోటో చూసి, “ఇది ఎక్కడండీ మరిదిగారూ?” అని అడిగింది.

“ద్రాక్షారామం వదినా.”

కాఫీ గ్లాసులు తీస్తున్న నా భార్య ఆగింది. “కాదండీ, సామర్లకోట. నేనే కదా తీశాను.”

“తీశావు సరే. బస్సెక్కిన దగ్గర్నుంచీ తల తిరుగుతోందని కళ్ళు మూసుకుని కూర్చున్న మనిషివి. ఏ గుడి ఏదో నీకేం తెలుసు?” అన్నాను.

చుట్టాలు నవ్వారు. మా పిన్ని, “ఫోటోల విషయంలో వాడితో వాదన పెట్టుకుంటావేంటి అమ్మాయ్!” అంది. నా భార్య గ్లాసులు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

వదిన మటుకు ఆ ఫోటో వదల్లేదు. “నన్నొకసారి అక్కడికి తీసుకెళ్తారా? ఆయన కూర్చున్న చోట కాసేపు కూర్చోవాలని ఉందండీ” అంది.

తీసుకెళ్ళాను. ఫోటోలో అన్నయ్య భుజం పక్కన స్తంభం మీద చిన్న బొమ్మ చెక్కి ఉంటుంది. దాని అంచు విరిగి ఉంటుంది. ద్రాక్షారామం గుళ్ళో మండపం అంతా తిరిగాను. అలాంటి బొమ్మ ఎక్కడా కనిపించలేదు. ఒకచోట ఆగి ఫోటో చూడడం, తల ఎత్తి స్తంభం చూడడం, మళ్ళీ నడవడం. వదిన మోకాళ్ళ నొప్పితో ఎండలో నిలబడి నన్నే చూస్తోంది. “దొరికిందా అండీ?” అని అడిగింది. ఆ ముఖం చూసి లేదనలేకపోయానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం, నా భార్య మాట నిజమవుతుందేమోనన్న భయం. దగ్గర్లో ఉన్న స్తంభం చూపించి, “ఇదే వదినా, ఇక్కడే” అన్నాను.

వదిన అక్కడ కూర్చుంది. స్తంభాన్ని అరచేత్తో నిమిరింది. తర్వాత తల ఆనించి కళ్ళు మూసుకుంది. ఆ రోజు చాలా మంచి పని చేశాననుకుంటూ ఇంటికొచ్చాను.

అప్పట్నుంచీ ప్రతి నెలా ఒక సోమవారం వదిన ద్రాక్షారామం వెళ్ళేది. పిఠాపురం నుంచి కాకినాడకు ఒక బస్సు, అక్కణ్ణించి ఇంకో బస్సు. తిరిగొచ్చేటప్పుడు మా ఇంట్లో కాసేపు నడుం వాల్చి, కాఫీ తాగి వెళ్ళేది. మోకాళ్ళు వాచిపోయి ఉండేవి. సామర్లకోట అయితే పిఠాపురానికి పక్కనే. ఆటోలో వెళ్ళి రావచ్చు.

సంవత్సరీకం అయిన కొన్నాళ్ళకు వదిన ఫోన్ పాడైంది. బీరువాలో ఉన్న అన్నయ్య ఫోన్ తనకు పనికొచ్చేలా చేసి ఇమ్మని నాకిచ్చింది. ఛార్జింగు పెట్టి, పాత ఫోటోలు ముందు దాచిపెడదామని తెరిచాను. ఆ ఫోటో వచ్చింది. వేలితో పైకి జరిపితే కింద చిన్న మ్యాపు, మ్యాపులో చుక్క, పక్కన సామర్లకోట అన్న పేరు. దాని ముందు ఫోటో, వెనక ఫోటో కూడా అంతే. ద్రాక్షారామంవి వేరే ఉన్నాయి, అంతకు గంటన్నర ముందువి. అన్నయ్య ఫోన్ కొన్న రోజు ఎలా ఉందో అలాగే వాడిన మనిషి. లొకేషన్ ఆపొచ్చని కూడా ఆయనకు తెలిసి ఉండదు.

ఎవరికీ చెప్పలేదు. ఫోన్ బాగుచేసి వదినకు ఇచ్చేశాను. ఫోటో కింద మ్యాపు తెరిచి చూసే అలవాటు ఆవిడకు లేదని నాకు తెలుసు. ఆ ధైర్యంతోనే ఇచ్చాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ జరిగింది అదే.

తర్వాతి నెల వదిన మళ్ళీ బయల్దేరింది. కాకినాడలో బస్సు మారేటప్పుడు వాన పడుతోంటే నేనే గొడుగు పట్టి ద్రాక్షారామం బస్సెక్కించాను. కిటికీలోంచి చెయ్యి ఊపితే నేనూ ఊపాను.

సాయంత్రం తడిసి మా ఇంటికొచ్చింది. నా భార్య చాప వేసి కూర్చోబెట్టి మోకాళ్ళకు నొప్పి మందు రాస్తోంది.

“ఇవాళ మన స్తంభం దగ్గర పెళ్ళివాళ్ళెవరో కూర్చున్నారే” అంది వదిన. “లెమ్మంటే బావుండదు కదా. వాళ్ళు లేచేదాకా పక్కనే నిలబడ్డాను.”

“ఈ మోకాళ్ళతో అంతసేపు నిలబడ్డారా అక్కా? ఇంకోచోట కూర్చోలేకపోయారా?”

“ఇంకోచోట కూర్చుంటే ఏం లాభమే? అది ఆయన చోటు.”

నేను కుర్చీలోంచి లేచాను. ఎందుకు లేచానో తెలియదు. “వదినా, అది అన్నయ్య చోటు కాదు” అన్నాను.

మొత్తం చెప్పాను. ఫోన్లో మ్యాపు, ఆ రోజు దొరకని బొమ్మ, వేలు పెట్టి చూపించిన స్తంభం. నా భార్య మందు మూత పెట్టేసింది. నా వైపు చూడలేదు.

వదిన మెల్లగా, “అయితే ఇన్నాళ్ళూ నేను ఎవరి పక్కన కూర్చున్నానండీ?” అంది.

నేను మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను.

“మీకెప్పుడు తెలిసింది?”

“ఫోన్ బాగుచేసినప్పుడు.”

“ఓహో. తెలియక చెప్పారంటే సరే మరిదిగారూ. పొద్దున్న తెలిసే గొడుగు పట్టి బస్సెక్కించారు చూడండీ...” అని ఆ మాట పూర్తి చెయ్యకుండా తల తిప్పుకుంది. నా భార్య చెయ్యి పట్టుకుని, “నువ్వు చెప్పావే ఆ రోజు. నేను వినిపించుకోలేదు” అంది.

“మీ బాధలో మీరున్నారక్కా.”

“రేపు నన్ను తీసుకెళ్తావా?”

నన్ను అడగలేదు. మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి, ఎవరూ రమ్మనకపోయినా వాళ్ళ వెనకే వెళ్ళాను.

సామర్లకోట గుళ్ళో నా భార్య ఫోన్ బయటికి తియ్యలేదు. ప్రాకారం దాటి, కుడివైపు మండపంలోకి తిన్నగా నడిచి ఒక స్తంభం దగ్గర ఆగింది. “ఇక్కడక్కా. బావగారు ఇటు తిరిగి కూర్చున్నారు. నేను ఆ మెట్టు కింద నిలబడ్డాను.” స్తంభం మీద అంచు విరిగిన బొమ్మ ఉంది. అన్నయ్య కూర్చుంటే సరిగ్గా భుజం దగ్గరికి వస్తుంది.

వదిన వెంటనే కూర్చోలేదు. “ఫోటో అంటే మూతి బిగించుకునే మనిషి కదే. అంత నవ్వు ఎలా వచ్చింది?” అని అడిగింది.

ఆ ప్రశ్న నా భార్యను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఫోటో తీసింది తనేనన్న మాటే నేను సాగనివ్వనప్పుడు ఎవరు అడుగుతారు?

“మిమ్మల్ని చూసేనక్కా! దీపాలు పెట్టి వస్తున్నారు. చేతి మసి మూతికి అంటుకుని ఇక్కడ మీసంలా ఉంది. మీకేమో తెలియదు, హుందాగా నడిచొస్తున్నారు. బావగారు, ‘చూడమ్మా, మీ అక్క మీసాలు పెంచుకుని వస్తోంది. చెప్పకు, ఇలాగే బస్సెక్కించేద్దాం’ అన్నారు. అప్పుడు నొక్కాను.”

వదిన చెయ్యి తనకు తెలియకుండానే పై పెదవి మీదికి వెళ్ళింది. “బస్సులో కండువాతో నా మూతి తుడిచారే. ఏంటండీ అంటే ఏం లేదన్నారు. అందరూ చూస్తున్నారని కసురుకున్నాను కూడా” అంది. అని నవ్వింది. ఆ నవ్వులోనే ఏడుపు వచ్చేసింది. స్తంభానికి ఆనుకుని కూర్చుని, మమ్మల్ని కాసేపు బయట ఉండమంది.

మేం మెట్ల మీద కూర్చున్నాం. “ఆ రోజు నిన్ను అలా అని ఉండాల్సింది కాదు” అన్నాను.

“అందరి ముందూ అన్నారు. ఇక్కడ మెట్ల మీద నా ఒక్కదానికీ చెప్తే ఏం సరిపోతుందండీ” అంది నా భార్య. కోపంగా అనలేదు. కొంగుతో గాజులు తుడుచుకుంటూ అంది. ఇది రాయడానికి కారణం ఆ మాటే.

వదిన చాలాసేపటికి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి గానీ ముఖం తేటగా ఉంది. “వచ్చే నెల ఒకసారి ద్రాక్షారామం వెళ్ళొస్తాను. ఏడాదిగా ఆ స్తంభానికి నా గోడు మొత్తం చెప్పుకున్నాను. చెప్పాపెట్టకుండా మానేస్తే ఏం బావుంటుంది?”

“నేను తీసుకెళ్తాను వదినా.”

“వద్దులెండి బాబూ. మీరొస్తే ఇంకో స్తంభం చూపిస్తారు” అంది.

ఆ మాటకు నా భార్య ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను.

పిఠాపురం ఆటోలో వాళ్ళిద్దరూ వెనక కూర్చున్నారు, నేను డ్రైవరు పక్కన. ఊరు దాటాక వెనక నుంచి వదిన గొంతు వినిపించింది. “ఇంకా ఏం అన్నారే ఆ రోజు? మొదట్నుంచీ చెప్పు.” నా భార్య చెప్పడం మొదలుపెట్టింది. ఆటో చప్పుడులో నాకు సగం మాటలు అందలేదు. ఏంటని అడగలేదు. ఆవిడ చెబుతూనే ఉంది, వదిన మధ్య మధ్య “ఆఁ, తర్వాత?” అంటోంది.