బంతి నిలవని గ్రౌండు

ఆ గ్రౌండు మీదికి మొదటిసారి ఎక్కినవాళ్లు ఎవరైనా సరే, ముందు అనే మాట ఒకటే. "అబ్బ, ఎంత బాగుందో!" ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న రోజులు. ఎనభైల చివర్లో నేను మౌలాలి అవతల ఒక ఆడపిల్లల హైస్కూల్లో పి.టి. టీచర్‌గా చేరాను. మా నాన్న తెనాలి వైపు నుంచి రైల్వేలో గుమాస్తాగా వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడ్డాడు. నేను పుట్టి పెరిగిందంతా రైల్వే క్వార్టర్లలోనే. మేం ప్రొటెస్టెంట్లం, బడి కేథలిక్ సిస్టర్లది. అయినా వాళ్లు అదేం పట్టించుకోలేదు. విజిల్ గట్టిగా ఊదగలిగితే చాలనుకున్నట్టున్నారు.

చేరిన మూడో నెలకే బడి వెనకున్న ఆటస్థలంలో కొత్త బిల్డింగుకు పునాదులు తవ్వారు. గదులు చాలడం లేదు కాబట్టి నేనేం అనడానికీ లేదు. బడి వ్యవహారాలన్నీ చూసే కరస్పాండెంట్ ఫాదర్ నన్ను పిలిచి, కిటికీలోంచి వెనకాల గుట్టను చూపించారు.

"అది కూడా మన స్థలమేనమ్మా. పైన చదునుగా ఉంటుంది. సికింద్రాబాద్ మొత్తంలో అంత ఎత్తున గ్రౌండు ఏ స్కూలుకుంది చెప్పు?"

చదును అన్నది ఆయన కింది నుంచి చూసి అన్న మాట. ఎక్కి చూస్తే ఉత్తరం అంచు కన్నా దక్షిణం అంచు నా నడుమెత్తు పల్లంలో ఉంది. ఉత్తరాన మనిషెత్తు బండరాళ్లు. దక్షిణాన ఏమీ లేదు, నేరుగా కిందికి జారుడే. చూపుకు మాత్రం కొదవ లేదు. ఎదురుగా మౌలాలి గుట్ట, దాని మీద దర్గా, ఆ కింద రైల్వే క్వార్టర్లు, చీమల్లా సాగే గూడ్సు బళ్లు. వెనక్కి తిరిగితే ఏ.ఎస్. రావు నగర్ వైపు అప్పుడప్పుడే లేస్తున్న ఇళ్లు. వాలీబాల్ నెట్టు కట్టడానికి గుంజ పాతబోతే జానెడు లోతులోనే గడ్డపార రాతికి తగిలి ఖణేల్‌మంది.

నేను తల పట్టుకుని కూర్చున్న రోజునే మా హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ గుట్ట ఎక్కి వచ్చారు. ఆమెది ఐర్లాండు. వయసులో ఉండగా వచ్చి ఇరవై ఏళ్లు గుంటూరు జిల్లాలో పనిచేశారు. తెలుగు అక్కడే నేర్చుకున్నారు. ఆమె మాట్లాడుతుంటే మా మేనత్త మాట్లాడినట్టే ఉండేది. అంచు దాకా నడిచి, గాలికి తలగుడ్డ ఎగిరిపోకుండా పట్టుకుని, చాలాసేపు అలాగే నిలబడ్డారు.

"మా ఊళ్లో గ్రౌండు అచ్చం ఇట్లాగే ఉంటదమ్మాయ్," అన్నారు.

మర్నాడు ఒక పాత పోస్టుకార్డు తెచ్చి చూపించారు. కొండవాలున పచ్చటి మైదానం, ఒక కొసన రెండు పొడుగాటి గుంజలు, వాటి మధ్య అడ్డకర్ర. గుంజల వెనక ఇంకేం లేదు, సముద్రమే. "మా జిల్లాలో ఇంత ఎత్తున ఇంకో గ్రౌండు లేదు. దీన్ని చూడ్డానికే ఎక్కడెక్కడినుంచో వస్తారు. మా అన్నలు ఇక్కడే మా దేశపు ఆట, గేలిక్ ఫుట్‌బాల్ ఆడేవాళ్లు."

"మీరు?"

"ఆడపిల్లల్ని ఆడనిచ్చేవాళ్లు కాదు. గోడ అవతల నిలబడి బంతి అందించేదాన్ని."

ఆ మాట విన్నాక కాదనలేకపోయాను. ఆ ఆట మన పిల్లలకు నేర్పుదామని ఆమె పట్టు. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, నాలుగడుగులు పరిగెత్తవచ్చు, తర్వాత నేలకు కొట్టాలి లేదా కాలితో చేతిలోకి ఎగరేసుకోవాలి. అడ్డకర్ర కింద నుంచి కొడితే మూడు పాయింట్లు, పై నుంచి కొడితే ఒకటి. పిల్లలకు రెండు రోజుల్లో పట్టుబడింది. కొత్త బిల్డింగు మేస్త్రీని అడిగి పరంజా కర్రలు తెచ్చి, చుట్టూ రాళ్లు పేర్చి గుంజలు నిలబెట్టాం. ఉత్తరాన బండలు అడ్డం కాబట్టి దక్షిణాన ఒక్క జతే. అడ్డకర్ర కింద నుంచి వచ్చే బంతి ఆగేలా వెనక మోకాలెత్తు రాళ్లు పేర్చాం. రెండు జట్లూ అటే కొట్టాలి.

ఇక్కడే మా ఖర్మ మొదలైంది. అడ్డకర్ర పై నుంచి బంతి పోయిందంటే అది పోయినట్టే. పాయింటు వచ్చిన ప్రతిసారీ బంతి బండ మీదా బండ మీదా ఎగురుకుంటూ గుట్ట కిందికి దిగిపోయేది. మాకున్నది ఒక్కటే బంతి. పీరియడ్ నలభై నిమిషాలు. ఎక్కడానికి పది, బంతి తేవడానికి ఒక్కోసారి పదిహేను. మిగతా పిల్లలు గట్టు మీద కూర్చుని గూడ్సు డబ్బాలు లెక్కపెట్టేవాళ్లు.

అందులోనూ గుట్ట కింద ఒక ముసలమ్మ బర్రెల కొట్టం ఉండేది. ఒకరోజు ఆమె బంతిని చంకన పెట్టుకుని స్వయంగా పైకి వచ్చింది.

"ఏందమ్మా గిది? ఇయ్యాల మూడోసారి! బర్రె బెదిరి తన్నింది, పాలన్నీ నేలపాలాయె. జెర మెల్లగ కొట్టరాదా మీ పోరిలు?"

క్షమించమని బతిమాలి పంపించాను. ఆమె వెళ్తూ వెళ్తూ అంచున ఆగి, "మంచిగనే కనవడుతది ఈడికెళ్లి," అంది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఆ రోజు నుంచే నేను అరవడం మొదలుపెట్టాను. "పైకి కొట్టొద్దు! కింద నుంచి కొట్టు! ఎవరు పోగొడితే వాళ్లే దిగి తేవాలి!" రానురాను అదంతా "కొట్టొద్దు!" అన్న ఒక్క అరుపే అయింది. సిస్టర్‌కు అది నచ్చలేదు.

"పైన్నుంచి పోతే పాయింటు వస్తదమ్మా."

"పాయింటు వస్తుంది సిస్టర్, బంతి రాదు."

వెనక ఒక వల కట్టించమని ఫాదర్‌కు కాగితం రాశాను. ఒకటి కాదు, నాలుగు రాశాను. వచ్చిన ప్రతి అతిథినీ ఆయన ఆ గుట్ట ఎక్కించేవారు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారి పిల్లల ఆట వైపు వీపు పెట్టి ఫొటో దిగాడు. నాలుగో కాగితం ఇచ్చినప్పుడు ఫాదర్ కళ్లజోడు తీసి నన్ను జాలిగా చూశారు.

"వల కడితే ఆ వ్యూ అంతా పోదూ?"

ఆ ఏడాది డిసెంబరులో స్కూళ్ల మధ్య మామూలు ఫుట్‌బాల్ పోటీలు పెట్టారు, రైల్వే మైదానంలో. మా పిల్లలకు ఊపిరి బాగా ఉంది. రోజూ గుట్ట ఎక్కిన కాళ్లు, అలిసేవి కావు. తొమ్మిదో తరగతిలో ఒక ఎడమకాలి పిల్ల ఉండేది. దాని కాలికి బంతి తగిలితే ఎదుట నిలబడడానికే భయమేసేది. గెలుస్తామనే అనుకున్నాను.

ఆ మైదానం చదునుగా, విశాలంగా, చుట్టూ గోడతో ఉంది. మా పిల్లలు బంతిని ఒకరికొకరు అందించుకుంటుంటే చూసేవాళ్లు చప్పట్లు కొట్టారు. గోలు దగ్గరికి వెళ్లడం, మళ్లీ వెనక్కి ఇవ్వడం. మళ్లీ వెళ్లడం, మళ్లీ వెనక్కే. అవతలి జట్టు ఒక్కసారి వచ్చి ఒక గోలు కొట్టి వెళ్లింది. ఇంక రెండు నిమిషాలుందనగా ఎడమకాలి పిల్ల గోలు ముందు ఒంటరిగా నిలబడి ఉంది. కీపర్ పడిపోయి ఉంది. "కొట్టవే!" అని గొంతు చించుకున్నాను. అది కాలు ఎత్తింది, ఆగింది, తల తిప్పి వెనకున్న పిల్లకు బంతి ఇచ్చింది.

ఆట అయ్యాక దాని భుజం పట్టుకుని కుదిపేశాను. "ఎందుకు కొట్టలేదు? ఏం రోగం నీకు?"

అది వెక్కుతూ అంది. "మీరే కద టీచర్ రోజు ఒర్లుతరు, కొట్టొద్దు, బాల్ వోతది అని. కాలు లేవనే లేదు, నేనేం జేద్దు?"

దాని భుజం మీద నా వేళ్ల గుర్తులు పడ్డాయి. చెయ్యి తీసేశాను.

సాయంత్రం సిస్టర్ గదికి వెళ్లి జరిగింది చెప్పాను. తప్పు గుట్టది అంటారనీ, ఓదారుస్తారనీ లోపల ఒక ఆశ. ఆమె ఓదార్చలేదు.

"నేను కొట్టమంటే నువ్వు వద్దన్నావు. విజిల్ నీ చేతిలో ఉంది కాబట్టి వాళ్లు నీ మాటే విన్నారు." నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ, "వల సంగతి నేను మాట్లాడతాను," అన్నారు.

మాట్లాడారు కూడా. పక్షం తిరక్కుండానే గుట్ట మీదికి కూలీలు సిమెంటు బస్తాలు, ఇనప చువ్వలు మోయడం చూసి, పరుగున ఎక్కాను. అప్పటికే మా గుంజలు పీకేసి పక్కన పడేశారు.

"వలకు స్తంభాలా?" అని మేస్త్రీని అడిగాను.

"వలేంది మేడమ్? వాటర్ ట్యాంకు. కొత్త బిల్డింగుకి పైనుంచి నీళ్లు దింపాలె. ఇంతకన్న ఎత్తు జాగ యాడుంది మీకు?"

సిస్టర్‌కు కూడా ఎవరూ చెప్పలేదట. ఎండాకాలం సెలవుల్లో ఆమెను తిరిగి స్వదేశానికి పంపేశారు. వయసు మీరిందన్నారు. వెళ్లేముందు పెట్టిన సన్మాన సభ నాతో రెండు ముక్కలు మాట్లాడే తీరికైనా ఆమెకు ఇవ్వలేదు.

మా నాన్న ద్వారా అడిగించుకుని, తర్వాతి ఏడాది రైల్వే మైదానంలో ఉదయం ఆరింటికి ప్రాక్టీసు పెట్టాను. పదిహేను మందిలో ఎనిమిది మందే వచ్చారు. మొదటి రెండు వారాలు నేను ఒకే మాట అరిచాను, "కొట్టు, ఎటు పోయినా సరే కొట్టు." వాళ్లు నన్ను అనుమానంగా చూసేవాళ్లు. ఒకసారి కాలికి పడిన బెదురు పోవడానికి అంత కాలం పడుతుందని నాకు ఏ ట్రెయినింగులోనూ చెప్పలేదు. ఆ సెప్టెంబరులో ఒక పక్క స్కూలుతో జట్టుకు ఎనిమిది మంది చొప్పున ఆడి మూడు–రెండుతో ఓడిపోయాం. ఆ రెండూ ఎడమకాలి పిల్లవే. రెండో గోలు కొట్టాక అది నా వైపు చూడలేదు. తన జట్టు వైపు పరిగెత్తింది.

డిసెంబరు పోటీలకు ఆ పిల్ల పేరే మొదట రాసుకున్నాను. నవంబరులో అది ప్రాక్టీసుకు రావడం మానేసింది. వెతుక్కుంటూ ఇంటికి వెళ్తే వాళ్లమ్మ గుమ్మంలోనే అడ్డంగా నిలబడింది.

"టెన్త్ క్లాస్ టీచర్. ఆటలు బంద్. మీరు పరేషాన్ గాకుర్రి, పరీక్షలయినంక పంపిస్త."

"వారానికి ఒక్కరోజు, శనివారం పంపమ్మా," అని చేతులు పట్టుకున్నాను. చివరికి సరేనంది.

నాలుగు శనివారాలు వచ్చింది. పోటీలకు వారం ఉందనగా, అయిదో శనివారం రాలేదు. ఏడున్నర దాకా చూసి, మిగిలిన ఏడుగురితోనే ప్రాక్టీసు మొదలుపెట్టాను.